కొండదారులలో బిగిచక్రము

మాకు తెలిసిన యువకుడొకడు ఇటీవల మా యింటికి వచ్చి ఒక సంగతి అడిగెను. అతనికి తక్కువ వెలలో ఒక సైకిలు దొరకుచున్నదట. చూచుటకు చక్కగా నున్నది, చేతితో ఎత్తిన తేలికగా నున్నది. కాని దానికి గేర్లు లేవు, ఫ్రీవీలు కూడ లేదు. చక్రము తిరుగుచున్నంతసేపు పెడళ్లు తిరుగుచునే యుండును. అతడు నివసించు చోట రోడ్లన్నియు మిట్టపల్లములే. “అటువంటి బండి కొండదారికి పనికివచ్చునాండీ?” అని అతని ప్రశ్న.

అప్పటికి తోచిన మాట యేదో చెప్పి అతనిని పంపితిమి. కాని అతడు వెళ్లినను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఏలయన, నూటయిరువది యేండ్ల క్రిందట ఫ్రాన్సు దేశములో ఇద్దరు పెద్దమనుష్యులు ఇదే ప్రశ్నకు పరస్పర విరుద్ధములైన సమాధానములు చెప్పిరి. వారి వాదము ఒక యంత్రమును గూర్చినదిగా కనిపించినను, నిజమునకు అది మనుష్యుని కష్టమును గూర్చిన వాదము. కష్టపడుటయే గొప్పయా, లేక కష్టమును తగ్గించుకొనుట గొప్పయా? ఆ కథను శ్రోతలకు నివేదించి, పిదప మా యువకునకు చెప్పవలసిన సమాధానమును చెప్పుదుము.

ముందుగా వస్తువును తెలిసికొందము. మన వీధులలో తిరుగు సైకిళ్లకు వెనుక చక్రమునందు ఫ్రీవీలు ఉండును. తొక్కుట మానినను బండి సాగిపోవును. కాళ్లు కదలక నిలిచియుండును. వెనుకనుండి కటకటమను చిన్న చప్పుడు వినవచ్చును. అద్దె సైకిలు తీసికొని పల్లములో ఆ చప్పుడు వినుచు, చొక్కా గాలికి ఎగురుచుండగా దిగిపోవుట మనలో అనేకులకు బాల్యానుభవము. ఆంగ్లేయులు ఫిక్సుడు వీలు అని పిలుచు చక్రములో ఈ వెసులుబాటు లేదు. దానిని మేము ఈ ప్రసంగములో బిగిచక్రమందుము. అందు చైను పట్టు పండ్ల బిళ్ల చక్రపు హబ్బునకు గట్టిగా బిగించబడి యుండును. చక్రము తిరిగిన చైను తిరుగును, చైను తిరిగిన పెడళ్లు తిరుగును. పెడళ్లను వెనుకకు అదిమిపట్టిన చక్రము వేగము తగ్గును. అనగా ఆ బండికి కాలే ఇంజను, కాలే బ్రేకు.

ఇది ఎవరో క్రొత్తగా కనిపెట్టిన వింత కాదు. పెడళ్లు గల సైకిలు పుట్టినది ఈ రూపముననే. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్ నగరమున కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపిన రెండు చక్రముల బండికి పెడళ్లే లేవు. కూర్చుండి, కాళ్లతో నేలను వెనుకకు తన్నుచు పోవలసినదే. 1860వ దశకమున పారిస్ నగరమందు మిషో కుటుంబమువారి కార్ఖానాలో తయారైన బండ్లకు ముందు చక్రపు ఇరుసునకే పెడళ్లు అమర్చిరి. చైను లేదు, ఏ మధ్యవర్తిత్వమును లేదు. చక్రము ఒక చుట్టు తిరుగవలెనన్న కాలు ఒక చుట్టు తిరుగవలెను.

ఈ ఏర్పాటువలన ఒక చిక్కు వచ్చినది. ఒక త్రొక్కునకు చక్రము ఒక చుట్టే తిరుగును గనుక, ఎక్కువ దూరము పోవలెనన్న చక్రమునే పెద్దది చేయవలెను. అందుచేత 1870 తరువాత ముందు చక్రము నానాటికి పెరిగి మనిషి ఎత్తును అందుకొనసాగెను. 54 అంగుళముల చక్రమునకు చుట్టుకొలత ఇంచుమించు 4.3 మీటర్లు. ఒక్క త్రొక్కునకు అంత దూరము పోవచ్చును. చక్రము ఎంత పెద్దదిగా నుండవచ్చునో నిర్ణయించినది రౌతు కాలి పొడవే. నేటికిని ఆంగ్లేయులు గేరును అంగుళములలో చెప్పుటకు కారణమిదియే. 72 అంగుళముల గేరు అనగా, 72 అంగుళముల వ్యాసము గల ఆనాటి పెద్దచక్రముతో సమానమని అర్థము.

ఆ ఎత్తు బండి మీద కొండ ఎక్కుట కష్టము, దిగుట ప్రమాదము. పల్లములో చక్రము విసురుగా తిరుగుచుండ పెడళ్లు కాళ్లకు అందక పరుగెత్తును. అప్పటి రౌతులు కాళ్లను పెడళ్లనుండి తీసి, హేండిలు మీదుగా ముందునకు చాచుకొని కూర్చుండెడివారు. బండి తిరగబడినచో తల కాక కాళ్లు ముందు నేలను తాకవలెనని వారి యుద్దేశము! ఇంగ్లండులో సైకిలు యాత్రికుల సంఘములవారు నిటారు పల్లముల పైభాగమున హెచ్చరిక పలకలు పాతించిరి. ఒక సంగతి ఇచ్చట గమనింపదగినది. ఆ పలకలు కొండ అడుగున పాతినవి కావు, శిఖరమున పాతినవి. ఎక్కువానికి హెచ్చరిక అక్కరలేదు, వాని ఊపిరియే వానిని హెచ్చరించును. హెచ్చరిక అవసరమైనది దిగువానికి.

1885లో ఇంగ్లండునందలి కోవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ అనునతడు రోవరు అను బండిని వెలువరించెను. రెండు చక్రములు ఇంచుమించు సమానము, పెడళ్లు నడుమ, వెనుక చక్రమునకు చైను. నేడు మనమెక్కు సైకిలునకు అదియే మూలరూపము. 1888లో బెల్‌ఫాస్టు నగరమున డన్‌లప్ గాలి టైరును తెచ్చెను. చైను వచ్చుటతో, ముందు బిళ్లకు వెనుక బిళ్లకు గల పండ్ల లెక్కను బట్టి త్రొక్కునకు ఎంత దూరమో ఏర్పరచుకొను వీలు కలిగినది. కాని ఆ బండ్లును బిగిచక్రపు బండ్లే. పల్లములో కాళ్లకు విశ్రాంతి కావలెనని ముందు ఫోర్కునకు రెండు ప్రక్కల చిన్న మెట్లవంటివి అమర్చిరి. రౌతు పెడళ్లను వాని మానాన తిరుగనిచ్చి, పాదములను ఆ మెట్ల మీద నుంచుకొనెడివాడు. కాలే బ్రేకైన బండిలో కాలు తీసివేసిన పిమ్మట ఏమి మిగులునో శ్రోతలే ఊహింపవచ్చును.

1890వ దశకము చివరి సంవత్సరములలో ఫ్రీవీలు వ్యాప్తికి వచ్చినది. దానితో కాలికి విశ్రాంతి లభించినది. కాని కాలు చేయు బ్రేకు పని పోయినది గనుక మంచి బ్రేకులు తప్పనిసరి యయ్యెను. అదనపు సామాను వచ్చిన అదనపు వెల వచ్చును గదా! ఆ దశకము నడుమ అమెరికాలో మంచి సైకిలు వెల నూరు డాలర్ల వరకు ఉండెడిది. సామాన్య కార్మికునకు అది అనేక వారముల కూలి. దశకాంతమునకు వెలలు పడిపోయి, కూలివాడును సైకిలు ఎక్కగలిగెను. ఆ చవుక కాలములో కూడ, మిక్కిలి తక్కువ భాగములతో తయారగునది బిగిచక్రపు బండియే. పేదవాని బండికిని, పందెగాని బండికిని ఒకే చక్రము అమరుట చరిత్రలోని ఒక చిత్రము. ఒకనికి అది పొదుపు, మరొకనికి అది పౌరుషము.

ఇక ఆ ఇద్దరు ఫ్రెంచివారి సంగతికి వత్తము.

మొదటివాడు పోల్ ద వివీ. 1853లో జన్మించెను. సెంతెత్యెన్ నగరమున పట్టు వ్యాపారము చేయుచు సైకిలు మోజులో పడి, ఆ వ్యాపారమును విడిచి సైకిళ్ల వ్యాపారమునకు దిగెను. 1887లో సైకిలు యాత్రికులకై ఒక పత్రికను స్థాపించి, వెలోసియో అను కలము పేరుతో వ్రాయుచుండెను. ఆ నగరమునకు దక్షిణమున రిపబ్లిక్ కనుమ గలదు. దాని ఎత్తు సముద్రమట్టమునకు 1161 మీటర్లు. నగరమునుండి ఆ కనుమకు చేరవలెనన్న ఇంచుమించు 600 మీటర్లు ఎక్కవలెను. వెలోసియో ఇంటినుండి ఆ దిక్కునకు బయలుదేరినపుడెల్ల ఆ కొండ ఎదురుగా నిలిచియుండెడిది. ఒక గేరుతో ఎక్కినవానికి దిగునపుడు అది చాలదు, దిగుటకు తగిన గేరు ఎక్కుటకు తగదు. ఈ చిక్కును తీర్చుటకై అతడు వేర్వేరు పండ్ల బిళ్లలను అమర్చి, మొదట చైనును చేతితో ఒకదానినుండి మరియొకదానిపైకి మార్చుకొనుచు, సంవత్సరముల తరబడి ప్రయోగములు చేసెను. గేరు మార్చు యంత్రమునకు ప్రచారకులలో అతనిని మించినవారు లేరు.

రెండవవాడు ఆన్రీ దేగ్రాంజ్. 1865లో జన్మించెను. న్యాయవాదుల కార్యాలయమున గుమాస్తాగా నుండి, సైకిలు పందెములలో దిగెను. 1893 మే నెలలో పారిస్‌లోని బుఫాలో పందెపు బాటపై ఒక గంటలో 35.325 కిలోమీటర్లు త్రొక్కి రికార్డు స్థాపించెను. పిమ్మట క్రీడాపత్రికకు సంపాదకుడై, 1903లో టూర్ ద ఫ్రాన్స్ అను సుప్రసిద్ధ పందెమును ఆరంభించెను. గేరు మార్చు యంత్రములనిన అతనికి చిన్నచూపు. అవి నలుబదియైదేండ్లు దాటినవారికి తగినవనియు, యంత్రపు నేర్పుతో గెలుచుటకంటె కండబలముతో గెలుచుట మేలనియు, తనకు మాత్రము బిగిచక్రమే చాలుననియు అతని అభిప్రాయము.

ఇద్దరును నిజాయితీపరులే. ఇద్దరును సైకిలును ప్రాణముగా ప్రేమించినవారే. మరి వారి అభిప్రాయములు ఇట్లేల విడిపోయినవి? మా తలంపున దీనికి సమాధానము వారి గుణములలో లేదు, వారు త్రొక్కిన నేలలో నున్నది. దేగ్రాంజ్ పేరు తెచ్చుకొనినది చదునైన పందెపు బాట మీద. అచ్చట మిట్ట లేదు, పల్లము లేదు, ఎదురుబండి లేదు. ఒకే వేగముతో గుండ్రముగా తిరుగువానికి బిగిచక్రమును మించిన సాధనము నేటికిని లేదు. వెలోసియోకు గురువు కొండ. కొండ ఒక్కటే గాని, అది ఒకే మనిషిని రెండు విధములుగా పరీక్షించును. రెండు పరీక్షలకు ఒకే సమాధానము చాలదని అతడు కనుగొనెను. చదును నేల మీద పుట్టిన సిద్ధాంతమును కొండ మీదకు ఎక్కించుటయే దేగ్రాంజ్ చేసిన పొరపాటని మేమందుము.

విధి విలాసమేమో గాని, 1903 జూలైలో జరిగిన తొలి టూర్ పందెమునందే రెండవ దశ లియోన్ నగరమునుండి మార్సేయికి పోవుచు, వెలోసియో నిత్యము ఎక్కెడి ఆ రిపబ్లిక్ కనుమ మీదుగనే సాగెను. గేరు మార్చు యంత్రమును కోరిన కొండ మీదనే, ఆ యంత్రమును నిరాకరించిన పందెము నడచినదన్నమాట. మొత్తము 2,428 కిలోమీటర్ల ఆ పందెమునకు 60 మంది బయలుదేరిరి, 21 మంది తుదిముట్టిరి. మోరీస్ గరాఁ గెలిచెను. 1905లో బలోఁ దాల్జాస్ అను కొండను చేర్చిరి. దానిని ముందుగా ఎక్కిన రెనె పోత్యే మరుసటి యేట టూర్ విజేత యయ్యెను. 1910లో పందెమును పిరనీస్ పర్వతముల మీదికి త్రిప్పిరి. జూలై 21న ఒక్క దినములో 326 కిలోమీటర్లు! దారిలో 2115 మీటర్ల తూర్మలే కనుమతో పాటు మరికొన్ని కనుమలు. వీరులనబడువారే దిగి బండిని త్రోసికొనుచు నడచిరి. తూర్మలేను దిగకుండ ఎక్కిన గుస్తావ్ గారిగూ అనునతనికి నూరు ఫ్రాంకుల బహుమానము దక్కెను. ఆ దినము గెలిచి, ఆ యేటి పందెమునంతయు గెలిచిన ఒక్తావ్ లపీజ్ దారిలో నిర్వాహకులను చూచి హంతకులని తిట్టెను. గెలిచినవాని నోట వచ్చిన తిట్టు గనుక దానిని ఓడినవాని అక్కసనుటకు వీలులేదు.

పందెగాండ్రు నాడు చేసికొనిన ఏర్పాటు ఒకటి చెప్పుకొనదగినది. వెనుక చక్రపు హబ్బునకు రెండు వైపుల రెండు బిళ్లలు, ఒకటి చదునునకు, మరియొకటి మిట్టకు. కొండ అడుగున బండి దిగి, చక్రమును ఊడదీసి, త్రిప్పి బిగించుకొని, మరల ఎక్కెడివారు. శిఖరమున మరల అదే తంతు. చలిలో వ్రేళ్లు కొంకర్లు పోవుచుండ రెక్కల నట్లను విప్పుట ఎట్టి శ్రమయో వేరుగ చెప్పనేల? కడకు ఆ పందెములో ప్రధాన జట్లవారికి గేరు మార్చు యంత్రమును 1937లో అనుమతించిరి. దేగ్రాంజ్ అస్వస్థుడై నిర్వహణమును విడిచిన మరుసటి సంవత్సరమే అది. ఆ యేట రొజే లపెబీ గెలిచెను. వెలోసియో దానిని చూడలేదు. 1930లో ట్రాము తగిలి మరణించెను. రిపబ్లిక్ కనుమ వద్ద అతని స్మారకము గలదు. 1922 మొదలు అతని పేర ఆ కొండనెక్కు ఉత్సవము ఆరంభమైనది.

ఇంతటితో బిగిచక్రము ఓడినదని తలంపరాదు. పందెములో ఓడినది పొదుపులో గెలిచినది. ఇంగ్లండులో సైకిలు క్లబ్బుల సభ్యులైన కార్మికులు అనేకులు రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందును తరువాతను ఒకే బిగిచక్రపు బండి మీద పనికి పోవుచు, ఆదివారము పందెములో దిగుచు, చలికాలమంతయు సాధన చేయుచుండిరి. అరుగుటకు భాగములు తక్కువ, బురదకు చెడునది తక్కువ, ఖర్చు తక్కువ. కొండలు ఎక్కు పందెములు సైతము అచ్చట ఉన్నవి. లండన్ ప్రాంతపు కాట్‌ఫర్డ్ క్లబ్బువారు అట్టి పందెమును 1887లోనే ఆరంభించిరి. అట్టి పందెములలో బిగిచక్రమును ఏరికోరి వాడినవారు అనేకులు. అచ్చట శిఖరమే గమ్యము. దిగుట పరీక్షలో లేదు! ఇటీవలి దశాబ్దములలో న్యూయార్కు, సాన్‌ఫ్రాన్సిస్కో నగరములలో ఉత్తరములు, కాగితములు చేరవేయు సైకిలు దూతలు ఈ చక్రమునే చేపట్టిరి. సాన్‌ఫ్రాన్సిస్కో కొండల నగరము. వారిని చూచి ఇరువదియొకటవ శతాబ్దపు యువకులు దానిని వేడుకగా స్వీకరింపగా, కంపెనీలవారు చవుక రకములను తయారుచేయసాగిరి. మా యువకుడు చూచి వచ్చిన బండి ఈ పరంపరలోనిదే.

ఇపుడు అతనికి మేము చెప్పవలసిన సమాధానము. దీనికి కొంచెము లెక్క కావలెను. సామాన్యముగా చక్రపు చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకొందము. ముందు బిళ్లకు 48 పండ్లు, వెనుక బిళ్లకు 16 అయినచో, ఒక త్రొక్కునకు చక్రము 3 చుట్లు తిరిగి బండి 6.3 మీటర్లు పోవును. ముందు 42, వెనుక 18 అయినచో 4.9 మీటర్లే పోవును. గంటకు 8 కిలోమీటర్ల వేగమున మిట్ట ఎక్కునపుడు మొదటి బండిలో కాళ్లు నిమిషమునకు 21 చుట్లు, రెండవదానిలో 27 చుట్లు తిరుగును. రెండును మెల్లని త్రొక్కుళ్లే, కాని మొదటిదానిలో ప్రతి త్రొక్కును మోకాలిని పిండును. మరి అదే కొండ దిగునపుడు గంటకు 40 కిలోమీటర్ల వేగము వచ్చెననుకొందము. మొదటి బండిలో కాళ్లు నిమిషమునకు 106 చుట్లు, రెండవదానిలో 136 చుట్లు తిరుగవలెను. ఎక్కుటకు సులువు చేసికొన్నకొలది దిగుట కష్టమగును. వెలోసియో సంవత్సరముల తరబడి పెనుగులాడినది ఈ లెక్కతోనే.

కావున మా సలహా యిది. చిన్నచిన్న మిట్టలకు ఆ బండి చాలును, మంచి సాధనయు కలుగును. మిట్టలో ఆగక తిరుగు చక్రము కాలిని నిలువనీయక తోడు తెచ్చుకొనును. కాని కొనునపుడు వెలను మాత్రమే చూడరాదు. వెనుక హబ్బున పండ్ల బిళ్ల ఒక దిక్కునకును, దానిని పట్టియుంచు రింగు వ్యతిరేక దిక్కునకును బిగియవలెను. ఆ రింగు లేనిచో పెడలును వెనుకకు అదిమినపుడు బిళ్లయే విడిపోవచ్చును. చైను వదులుగా వ్రేలాడరాదు. అది జారిపడినచో కాలి బ్రేకును దానితో పోవును. ముందు చక్రమునకు మంచి చేతి బ్రేకు తప్పక యుండవలెను. చూపునకు అందము చెడునని దానిని తీసివేయువారు కలరు. కొండదారిలో అది అందము కాదు, అవివేకము. హబ్బునకు రెండవ వైపు ఫ్రీవీలు బిగించుకొను వీలుండిన ఇంకను మేలు. ఎక్కుట బిగిచక్రముతోనైనను, దిగుటకు చక్రమును త్రిప్పుకొనవచ్చును. 1910లో పందెగాండ్రు ఎరిగిన ఉపాయము నేటికిని పాతపడలేదు. ఇక దూరమైన నిటారు కొండలకు పోవువాడు పౌరుషమునకు పోక గేర్ల బండినే కోరుకొనవలెను.

దేగ్రాంజ్ మాటలో సత్యము లేకపోలేదు. తన కష్టమును తాను కోరి వరించినవానికి అందు ఆనందము కలదు. ఆ ఆనందమును కాదనుటకు మనమెవరము? కాని కోరని వానిపై ఆ కష్టమును పెట్టి, అది వానికి గౌరవమనుట న్యాయము కాదు. లపీజ్ తిట్టు మనకు నేర్పునది అదియే. డబ్బు చాలక బిగిచక్రమును కొనువానికిని, మనసుపడి కొనువానికిని బండి ఒక్కటే. కాని వారెక్కు కొండ ఒక్కటి కాదు.

మా యువకుడు మరల వచ్చినపుడు మేమొక ప్రశ్న అడుగుదుము. నాయనా, నీవు ఆ దారిని ఎక్కుటను గూర్చి మాత్రమే అడిగితివి. దిగుటను గూర్చి ఆలోచించితివా? దానికి అతడు తడుముకొనక సమాధానము చెప్పినచో, ఆ బండిని నిశ్చింతగా కొనుక్కొనవచ్చును.